తోలు బెల్టు గట్టిదనం: పాలమూరు తోలుపని వెలుగులో ఒక సమీక్ష

చేత్తో చేసిన తోలు బెల్టుకు గట్టిదనం ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు కొనేవారు బకిల్‌ను చూసి, కుట్టేవారు కుట్టును చూసి, చర్మశుద్ధి తెలిసినవారు తోలు అంచును చూసి సమాధానం చెబుతారు. ఈ మూడు సమాధానాలలోనూ కొంత నిజం ఉన్నది. అయితే దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతంలో, అంటే పూర్వపు మహబూబ్‌నగర్ (పాలమూరు), నల్లగొండ జిల్లాలలో, బరువు మోయవలసిన తోలును తరతరాలుగా తయారుచేసినవారి అనుభవాన్ని దగ్గర పెట్టుకుని పరిశీలిస్తే, బెల్టు భవిష్యత్తు చాలామటుకు కత్తి పట్టకముందే, ఏ పశువు తోలు, ఆ తోలులో ఏ భాగం, ఏ పద్ధతిలో పదును చేశారు అన్న మూడు విషయాలతోనే తేలిపోతుందనీ, ఆ తరువాతి చేతిపని ఆ బలాన్ని కాపాడడమో పోగొట్టడమో మాత్రమే చేయగలదనీ స్పష్టమవుతుంది.

ఈ ప్రాంతంలో, హైదరాబాదు నుంచి బెంగళూరు వెళ్లే 44వ జాతీయ రహదారి మీద ఉన్న కొత్తకోట, 2016లో ఏర్పడిన వనపర్తి జిల్లాలో ఒక మండల కేంద్రం. చేనేత చీరల వల్ల ఈ ఊరి పేరు బయటి వారికి తెలిసినా, చుట్టుపక్కల గ్రామాల వ్యవసాయం చాలాకాలం నడిచింది బావుల మీద, ఆ బావుల నీరు పైకి వచ్చింది మోట మీద. ఎడ్లు వాలులోకి నడుస్తుంటే నీటితో నిండిన బొక్కెన పైకి వచ్చి, దాని కింది తొండం ద్వారా కాలువలోకి ఒలికే ఏర్పాటే మోట. మొదట బొక్కెన, తొండం రెండూ తోలువే. ఇనుప బొక్కెనలు వచ్చిన తరువాత కూడా తొండం మాత్రం తోలుతోనే ఉండేది. రోజంతా తడుస్తూ, రాత్రంతా ఆరుతూ, బావి ఒరకు రాసుకుంటూ, నిలువునా బరువు లాగుతూ ఒక తోలు వస్తువు నిలబడవలసి రావడం కంటే కఠినమైన పరీక్ష మరొకటి ఉండదు. మోటతో పాటు కాడికి కట్టే తోలు వార్లు, చెర్నాకోల, కిర్రుచెప్పులు, ఎడ్ల మెడలో కట్టే మువ్వల పట్టెడ కూడా అదే చేతులలో తయారయ్యేవి. వీటిలో మువ్వల పట్టెడ నేటి నడుము బెల్టుకు అతి దగ్గరి పూర్వరూపం: వెడల్పాటి ఒంటిపొర పట్టీ, ఒక చివర కొలికి, మరొక చివర బెజ్జాలు, మెడ కదలికకు లొంగుతూనే సాగకుండా ఉండవలసిన తోలు.

ఈ పనిచేసిన మాదిగ కులస్థులకు గ్రామ వ్యవస్థలో దక్కిన స్థానం గురించి చెప్పకుండా వారి నైపుణ్యాన్ని మాత్రమే పొగడడం సగం మాట అవుతుంది. హైదరాబాదు సమీపంలోని శామీర్‌పేటను అధ్యయనం చేసి ఎస్.సి. దూబే 1955లో ప్రచురించిన గ్రంథం, వృత్తికులాలు రైతులకు ఏడాది పొడవునా పనిచేసి పంటకాలంలో ధాన్యం రూపంలో ప్రతిఫలం పొందే పద్ధతిని వివరించింది. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో ప్రచురించిన తెలంగాణ సాయుధ పోరాట చరిత్ర దాని రెండో ముఖాన్ని చూపింది: మామూలు రైతులు ఏటా గింజలు కొలిచి ఇస్తుండగా, భూస్వాములు మాత్రం చెప్పులను, నీళ్లు తోడే తోలు సామగ్రిని, కాడి వార్లను వెట్టిగా, ఉచితంగా తీసుకునేవారు. ఇటీవలి కాలంలో కంచ ఐలయ్య 2009 నాటి తన పుస్తకంలో చర్మశుద్ధి చేసినవారిని అట్టడుగు శాస్త్రవేత్తలుగా పేర్కొన్నారు. ఆ మాటను ఒక రాజకీయ నినాదంగా కొట్టిపారేసేవారు చర్మాన్ని నానబెట్టే లంద గోలెంలో జరిగే రసాయనిక చర్యను ఒకసారి అర్థం చేసుకుంటే, అది వర్ణనే తప్ప అతిశయోక్తి కాదని ఒప్పుకోక తప్పదు.

పచ్చి చర్మంలో సగానికి పైగా నీరే ఉంటుంది. మిగిలినదానిలో ప్రధానమైనది కొల్లాజెన్ అనే మాంసకృత్తు, అంటే సన్నని పోగులు కట్టలుగా అల్లుకుని ఉండే పదార్థం. చర్మానికి పైన బిగువైన సన్నని పొర, దాని కింద ఈ పోగులు అడ్డదిడ్డంగా పెనవేసుకున్న మందమైన పొర ఉంటాయి. వెంట్రుకలు తీసి ఆరబెట్టినంత మాత్రాన చర్మం తోలు కాదు. డప్పుకు బిగించే మేకతోలు ఇలాంటి పదును చేయని చర్మమే కాబట్టి, మంట సెగ తగిలితే బిగుసుకుంటుంది, తేమ తగిలితే వదులవుతుంది; డప్పుకు పనికివచ్చే ఈ గుణమే బెల్టుకు ప్రాణాంతకం. పోగుల మధ్యకు టానిన్ అనే వగరు పదార్థాన్ని పంపి, అవి కుళ్లకుండా, ఎండినప్పుడు ఒకదానికొకటి అతుక్కుని కొయ్యబారకుండా చేయడమే పదును చేయడం.

పాలమూరు పల్లెల్లో ఆ టానిన్ తంగెడు చెక్క నుంచి వచ్చేది. బతుకమ్మలో పేర్చే పూలు పూసే ఈ పొద, నేడు తెలంగాణ రాష్ట్ర పుష్పంగా గౌరవం పొందుతున్నా, దాని బెరడులో సుమారు 18 శాతం దాకా టానిన్ ఉంటుందన్న సంగతి పాఠ్యపుస్తకాలలో అరుదుగా కనిపిస్తుంది. ఉప్పు పట్టించిన చర్మాన్ని నానబెట్టి కడిగి, సున్నపు నీళ్లలో వారం పది రోజులు ఉంచి, వెంట్రుకలనూ లోపలి మాంసపు పొరనూ గీకివేసి, సున్నం విరిగేదాకా మళ్లీ కడిగి, ఆపైన దంచిన తంగెడు చెక్క నానిన నీళ్లలో వేసేవారు. ఆ నీళ్లుండే తొట్టి లేదా గుంతనే లంద అంటారు. ఇక్కడ అసలు తెలివి చిక్కదనాన్ని క్రమంగా పెంచడంలో ఉంది: మొదటే చిక్కటి నీళ్లలో వేస్తే పైపొరలు టానిన్‌ను గబగబా పీల్చుకుని బిగుసుకుపోయి లోపలికి దారి మూసేస్తాయి, అటువంటి తోలును అడ్డంగా కోస్తే నడుమ పచ్చిచర్మపు గీత కనబడుతుంది. కనుక వాడిన పలుచటి నీళ్లతో మొదలుపెట్టి రోజులు గడిచేకొద్దీ కొత్త చెక్క కలుపుతూ పోవాలి. తంగెడుతో పదునైన తోలు ఎండ తగిలితే ఎర్రబారుతుంది కనుక చివరలో కరక్కాయ నీళ్లు పట్టించి రంగు నిలిపేవారు. ఆపైన నూనె రాసి నీడలో ఆరబెట్టేవారు. మందపాటి ఎద్దు, బర్రె తోళ్లకు ఇదంతా నెలకు పైగా పట్టే పని. ఇంగ్లండులోని కోలిటన్ పట్టణంలో ఓక్ చెట్టు బెరడుతో నేటికీ తోళ్లు పదును చేసే ఒక కర్మాగారం గుంతలలో తోలును దాదాపు ఏడాది పాటు ఉంచుతుంది. చెట్టు వేరు, వాతావరణం వేరు, కానీ చిక్కదనం మెల్లగా పెంచడమన్న సూత్రం ఒక్కటే.

చర్మశుద్ధిలో రెండో పెద్ద మార్గం క్రోమియం లవణాలది. 1884లో ఆగస్టస్ షుల్జ్ అమెరికాలో పేటెంటు పొందిన పద్ధతితో మొదలై, 1893లో మార్టిన్ డెన్నిస్ సులభతరం చేసిన ఈ విధానంలో పదును కట్టే దశ ఒక్క రోజులో ముగుస్తుంది. నేడు ప్రపంచంలో తయారయ్యే తోలులో 80 శాతానికి పైగా ఇటువంటిదే. ఇక్కడ తెలుగు పాఠకులకు ఆసక్తి కలిగించే విషయం ఒకటుంది. మద్రాసు కళాపాఠశాలకు అధ్యక్షుడుగా ఉన్న ఆల్‌ఫ్రెడ్ ఛాటర్టన్ 1903లో అక్కడ క్రోమ్ చర్మశుద్ధి ప్రయోగాలు ప్రారంభించినప్పుడు, ముందుగా దృష్టి పెట్టిన వస్తువులలో మోటబొక్కెన ఒకటి, ఎందుకంటే తంగెడు తోలు ఎంత గట్టిదైనా నిరంతరం నీటిలో నానితే అందులోని టానిన్ కొంతకొంతగా కరిగిపోతుంది, క్రోమ్ తోలులో ఆ బెడద లేదు. కాగితం మీద చూస్తే సాగదీత, చింపుడు పరీక్షలలో కూడా క్రోమ్ తోలుదే సాధారణంగా పైచేయి. మరి బెల్టుకు అదే మేలు కదా అన్న వాదన ఇక్కడి నుంచే పుడుతుంది.

ఈ వాదనలో దోషం పరీక్షలలో లేదు, పరీక్ష ఎంపికలో ఉంది. ఒక మోస్తరు పశువు తోలు చదరపు మిల్లీమీటరుకు సుమారు 20 న్యూటన్ల లాగుడు తట్టుకుంటుంది. 38 మిల్లీమీటర్ల వెడల్పు, 4 మిల్లీమీటర్ల మందం ఉన్న పట్టీ ఈ లెక్కన 300 కిలోల బరువు వేలాడదీసినా తెగదు. ఏ మనిషి నడుమూ బెల్టును అంతగా లాగదు. వాడుకలో పాడైన బెల్టులను పరిశీలిస్తే అవి నడిమధ్య తెగినవి కావు. బెజ్జాలు కోలగా సాగినవి, బకిల్ మడత దగ్గర పగిలినవి, అంచుల వెంట పొరలు విడిపోయినవి, జేబులో ఫోను, నడుముకు తాళాల గుత్తి బరువుతో కిందికి మెలితిరిగినవి. అంటే బెల్టు కోరేది తెగని బలాన్ని కాదు, సాగని, విడని, రూపు చెడని బిగువును. చెట్ల టానిన్‌తో పదునైన తోలులో పోగుల మధ్య ఖాళీలు నిండుతాయి కనుక అది బిరుసుగా, దట్టంగా ఉంటుంది, తడిపి మలిస్తే ఆ మలుపును నిలుపుకుంటుంది, అంచును రుద్దితే నునుపెక్కుతుంది. క్రోమ్ తోలు మెత్తగా, స్పంజు స్వభావంతో ఉండి సాగుతుంది, దాని అంచు ఎంత రుద్దినా నూగుగానే ఉంటుంది. మోటకూ చెప్పు పైభాగానికీ క్రోమ్ మేలైనదని ఒప్పుకుంటూనే, ఒంటిపొర బెల్టుకు తంగెడు, తుమ్మ, వాటిల్ వంటి బెరడుల తోలే తగినదని నిర్ణయించడం న్యాయం.

బెరడు తోలుకు కూడా మచ్చ లేకపోలేదు. పుస్తకాల అట్టలకు వాడిన తోళ్లు పొడిపొడిగా రాలిపోవడంపై లండన్‌లోని కళల సంఘం నియమించిన కమిటీ 1901లో తొలి నివేదికను, 1905లో పూర్తి నివేదికను వెలువరిస్తూ, భారతదేశం నుంచి వచ్చిన తంగెడు రకపు తోళ్లను త్వరగా క్షీణించేవాటిలో లెక్కకట్టింది. బొగ్గుపొగ నిండిన గదులలో దశాబ్దాలు కదలకుండా ఉండే గ్రంథానికి ఆ తీర్పు సరైనదే కావచ్చు. రోజూ వంగుతూ, ఏడాదికి రెండుమార్లు నూనె తాగే బెల్టుకు అది అంతగా వర్తించదు.

ఒకే తోలులో అన్ని భాగాలూ ఒకటి కావు. వెన్నెముకకు ఇరువైపులా, తోక మొదలు నుంచి భుజాల వరకు ఉండే వీపు భాగంలో పోగులు దట్టంగా ఉంటాయి. పొట్ట భాగం వదులుగా ఉండి సాగుతుంది. మెడ దగ్గర ముడతలుంటాయి. బెల్టు పట్టీని వెన్నెముకకు సమాంతరంగా, వీపు భాగం నుంచే కోయాలి. పొట్టవైపు కోసిన పట్టీ చూడడానికి తేడా లేకుండా కనిపించినా కొద్ది నెలల్లో ఒక బెజ్జం మేర సాగుతుంది. బర్రెతోలు ఆవుతోలు కన్నా మందంగా, గరుకుగా ఉంటుంది, పోగులు కొంత వదులు. అయినా వీపు భాగం తీసుకుని సరిగా పదును చేస్తే నాలుగు మిల్లీమీటర్ల ఒంటిపొర పట్టీ దానిలో సులభంగా దొరుకుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1977 నుంచి గోవధ నిషేధ చట్టం అమలులో ఉన్నందున ఈ ప్రాంతంలో పనివారికి అందుబాటులో ఉండేది కూడా ఎక్కువగా బర్రెతోలే.

బజారు బెల్టుల మీద ఉండే ‘జెన్యూన్ లెదర్’ అన్న ముద్ర అందులో ఎక్కడో తోలున్నదని మాత్రమే చెబుతుంది. మందమైన తోలును యంత్రంతో పొరలుగా చీల్చి, పైపొర లేని కింది పొర మీద ప్లాస్టిక్ పూత పూసి, నకిలీ గరుకు అచ్చు వేసినా ఆ ముద్ర పడుతుంది. అంతకన్నా తక్కువరకం తోలు తరుగును పొడిచేసి జిగురుతో అచ్చుపోసిన పట్టీ. ఇది మడత దగ్గర ఏడాదిలోపే పగులుతుంది. రెండు పలుచటి పొరల నడుమ అట్ట పెట్టి కుట్టిన బెల్టులూ ఉన్నాయి, వాటి చుట్టూ ఉన్న కుట్టు బలానికి కాదు, లోపలిదాన్ని దాచడానికి. ఈ కారణంగానే అంచుకు రంగు దట్టంగా పూసిన బెల్టును అనుమానించడం, కోత కనిపించే బెల్టును నమ్మడం కొనేవారికి మంచి అలవాటు.

చేతిపనిలో మొదటిది కొలత. ప్యాంటు సైజును కాక, వాడుతున్న బెల్టును పరిచి, బకిల్ మడత నుంచి రోజూ పెట్టుకునే బెజ్జం వరకు కొలవాలి. ఆ కొలత 36 అంగుళాలైతే, నడిమి బెజ్జం తరువాత కొసకు ఐదారు అంగుళాలు, బకిల్ వెనక్కి మడిచేందుకు మూడు అంగుళాలు కలిపి 45 అంగుళాల పట్టీ కావాలి. ముందుగా ఇనుప బద్ద పెట్టి ఒక అంచు సూటిగా కోసి, ఆ అంచునే ఆధారంగా రెండో కోత కోయాలి. చెప్పులు కుట్టేవారు తోలు కోయడానికీ చెక్కడానికీ వాడే వెడల్పు పదును కత్తి, అంటే రంపె, ఈ పనికి చాలు. కావలసినది పనిముట్టు ఖరీదు కాదు, దాని పదును. మొద్దు కత్తి తోలును కోయడానికి బదులు నెట్టుతుంది, దానితో అంచు వంకర పోతుంది.

మడత దగ్గర చేసే పొరపాట్లే బెల్టు ఆయుష్షును ఎక్కువగా తగ్గిస్తాయి. నాలుగు మిల్లీమీటర్ల తోలును ఉన్నపాటున మడిస్తే పైపొర పగులుతుంది, అందువల్ల మడిచే భాగాన్ని వెనకవైపు నుంచి రంపెతో ఏటవాలుగా చెక్కి దాదాపు సగం మందానికి తేవాలి, కాస్త తడిపి మడవాలి. మరీ పలుచగా చెక్కినా ముప్పే, ఎందుకంటే బకిల్ కడ్డీ రాపిడి అంతా అక్కడే పడుతుంది. బకిల్ ముల్లు కదలడానికి అంగుళం పొడవున చీలిక కావాలి. ఆ చీలిక రెండు కొసలలోనూ ముందు గుండ్రటి బెజ్జం గుద్ది, తరువాత వాటి మధ్య కోయాలి, లేకుంటే చీలిక కొస నుంచి తోలు చిరుగుతూ పోతుంది. సర్దుబాటు బెజ్జాలు అయిదో ఏడో, బేసి సంఖ్యలో, అంగుళం ఎడంగా ఉంటే నడిమిది రోజువారీ బెజ్జమవుతుంది. మేకుతో పొడిచిన బెజ్జం పోగులను పక్కకు నెట్టి మళ్లీ మూసుకుంటుంది, లాగినప్పుడు చిరుగుతుంది. గొట్టపు పంచ్‌తో గుద్దిన బెజ్జం అంచు శుభ్రంగా ఉండి నిలుస్తుంది.

కుట్టు విషయంలో రెండు పద్ధతులను పోల్చి చూడాలి. రోడ్డు పక్కన చెప్పులు కుట్టేవారు కొక్కెం ఉన్న ఆరెను తోలులో దించి, కింది నుంచి దారాన్ని ఉచ్చుగా పైకి లాగి, రెండో కొసను ఆ ఉచ్చులో దూర్చి బిగిస్తారు. ఇది మిషను కుట్టుకు చేతిరూపం. రెండు దారాలు తోలు మందంలో ఒకదానికొకటి మెలిక పడి నిలుస్తాయి. జీను తయారీదారుల పద్ధతిలో ఒకే దారానికి రెండు కొసలా రెండు సూదులు ఎక్కించి, కొక్కెం లేని ఆరెతో చేసిన ప్రతి బెజ్జంలో నుంచి రెండు సూదులనూ ఎదురెదురుగా దాటిస్తారు. మొదటిదానిలో ఒక దారం అరిగి తెగితే పక్క కుట్లు వదులవుతాయి. రెండోదానిలో ప్రతి దారమూ తోలు మందాన్ని పూర్తిగా దాటుతుంది కనుక ఒకటి తెగినా మరొకటి పట్టుకుని ఉంటుంది. బెల్టు మడతకు రెండోదే మేలు. తేనెమైనం రుద్దిన మందపాటి నైలాను లేదా పాలియెస్టర్ దారంతో, తోలుపై ముందుగా సన్నని గాడి తీసి కుట్టును ఆ గాడిలో దించితే రాపిడి తగ్గుతుంది. ఒంటిపొర బెల్టుకు కుట్టు కావలసినది బకిల్ మడత దగ్గర, దాని పక్కన ఉండే తోలు ఉంగరం దగ్గర మాత్రమే. పొడవునా వేసిన కుట్టు అలంకారం.

అంచుల నాలుగు మూలలనూ సన్నగా చెక్కి, తడిపి, తుమ్మబంక నీళ్లు పూసి గుడ్డతోనో నునుపైన కర్రతోనో రుద్దితే పోగులు అణిగి గాజులా మెరుస్తాయి; అందులోకి తేమ త్వరగా చేరదు. నల్ల రంగు కావాలంటే పాత పద్ధతి ఒకటుంది: తుప్పు ఇనుమును బెల్లపు నీళ్లలో పులియబెట్టి, ఆ కషాయాన్ని బెరడు తోలుకు పూస్తే టానిన్‌తో కలిసి నల్లబడుతుంది. కలంకారీ వస్త్రానికి కరక్కాయ పట్టించి నల్ల గీత గీసేది కూడా ఇదే రసాయనంతో. ఇదే కారణంగా ఇనుప బకిల్ చెమట తగిలినప్పుడు తోలు మీద చెరగని మచ్చ వేస్తుంది, అందువల్ల ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ ఉక్కు బకిల్ వాడాలి. జింకు మిశ్రమాన్ని అచ్చుపోసి మెరుగు పూసిన చవక బకిళ్లు తోలు కన్నా చాలా ముందే విరుగుతాయి. ఇక నూనె సంగతి: ఆముదం పంటకు పేరుపొందిన పాలమూరు, నల్లగొండ పల్లెలలో తోలు చెప్పులకు ఆముదం పట్టించడం పాత అలవాటు. బెల్టుకు అది పనికివస్తుంది, అయితే గుడ్డతో రెండు చుక్కలు చాలు. నానేటట్టు పోస్తే తోలు మెత్తబడి సాగుతుంది, ఆరని నూనె కనుక దుమ్మునూ పట్టుకుంటుంది.

బావులకు కరెంటు మోటార్లు రావడంతో మోట పోయింది, రబ్బరు, ప్లాస్టిక్ చెప్పులు కిర్రుచెప్పులను తరిమివేశాయి, నైలాను పట్టీలు పట్టెడల స్థానం ఆక్రమించాయి. ఊరి లందలు పూడిపోయాయి. దీనిని కేవలం నష్టంగా వర్ణించే రచనలు లంద వెంట వచ్చిన కంపునూ, అంటరానితనాన్నీ, వెట్టినీ మరిచిపోతాయి. ఆ పని వదిలి బడికి, పట్నానికి వెళ్లినవారిది సరైన నిర్ణయమే. చర్మశుద్ధి పెద్ద కర్మాగారాలకు తరలినంత మాత్రాన సమస్య తీరలేదని కూడా గుర్తుంచుకోవాలి: తమిళనాడులోని వెల్లూరు ప్రాంతపు తోళ్ల కర్మాగారాల కాలుష్యంపై సుప్రీంకోర్టు 1996లో ఇచ్చిన తీర్పు ఈ దేశంలో పర్యావరణ న్యాయానికే ఒక మూలస్తంభం.

పశ్చిమాన కొల్హాపురి చెప్పు మరో దారి చూపుతున్నది. తుమ్మ బెరడు, కరక్కాయలతో పదును చేసిన తోలుతో మహారాష్ట్ర, కర్ణాటకలలోని ఎనిమిది జిల్లాలలో చేసే ఈ చెప్పుకు 2019లో భౌగోళిక గుర్తింపు లభించింది. 2025లో ఒక ఇటలీ ఫ్యాషన్ సంస్థ అటువంటి చెప్పులనే తన ప్రదర్శనలో చూపి, మూలాన్ని పేర్కొననందుకు విమర్శలు ఎదుర్కొన్నది. పాలమూరు పట్టెడకు గానీ వారుకు గానీ అటువంటి పేరు రాలేదు, వాటి కోసం వాదించినవారూ లేరు. 1973లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ తోళ్ల పరిశ్రమల అభివృద్ధి సంస్థ, లిడ్‌క్యాప్, ప్రధానంగా చెప్పులు, బూట్ల వైపే చూసింది.

కొత్తకోట వంటి మండల కేంద్రంలో చెప్పులు బాగుచేసే మనిషికి ఆరె, రంపె చేతిలోనే ఉన్నాయి, ఒంటిపొర బెల్టుకు కావలసిన పనిలో తొంభై పాళ్లు ఇప్పటికే తెలుసు. అతనికి దొరకనిది వీపు భాగపు బెరడు తోలు, అదీ పూర్తి తోలు కొననక్కరలేకుండా పట్టీల లెక్కన. తెలంగాణలోని తోలు సంస్థలు కొత్త భవనాలకూ పార్కులకూ ముందు ఈ ఒక్క సరఫరాను చేపట్టాలి, పట్టీలను మండల కేంద్రాలలో మూడు వెడల్పులలో, మందం, పదును చేసిన పద్ధతి రాసిన చీటీతో అమ్మాలి.